పసుపు రుద్దుకోని పోయిన చెన్నమ్మక్క

ఏం పాపా శ్రావణీ, ఊరికే ఆ తలుపు దిక్కే చూస్తాండావు? ఇంటికి పోదామంటావా? యాడికి పోయేది, కూచ్చో! పెండ్లయిన పిల్లవి, ఒకసారి చూపిచ్చుకుంటే ఏం పోతాది? డాక్టరమ్మ పిలిచేదాంక మా చెన్నమ్మక్క ముచ్చట చెప్తా, ఇను. నువ్వు చూళ్లేదులే, నువ్వు పుట్టకముందే పాయె. మా బావ పెద్దసుబ్బయ్య పెండ్లాం, నాకు తోడికోడలు. అబ్బబ్బా, ఏం మనిషి! కోడుమూరులో మా కిరాణా అంగట్లో ఆయమ్మ గొంతెత్తితే బస్టాండు కాడికి ఇనపడ్తాండె.

ముట్టు నిలిచిపోయి శానా ఏండ్లయినంక ఆయమ్మకు మళ్లా రక్తం కనపడె. ఎవురికీ చెప్పలే. చీర మరక చూసి నేనే పట్టుకుంటి. కర్నూలుకు పోదాం పా అంటే సరే అనె. ఆ పొద్దు ఏం చేసిందనుకుంటివి? డాక్టరమ్మ ముందర మురికిగా పండుకుంటామా అని, సీకాయ పెట్టి తలకు పోసుకోని, ఒళ్లంతా పసుపు పూసుకోని, ఆడ లోపల గూడా పసుపు రుద్ది కడుక్కునె! ఆఁ, నిజమే పాపా! పట్టుచీర, తల్లో పూలు, మహానందికి పోయేటట్ల తయారు. డాక్టరమ్మ చూసి నవ్వాపుకోలేకపాయె. "ఏందమ్మా ఇది, లోపలంతా పసుపే! నాకేం కనపడుతుంది? రెండు మూడు దినాలు లోపల ఏమీ పెట్టకుండా, కడక్కుండా రా. పైన మామూలుగా నీళ్లు పోసుకుంటే చాలు" అని పంపిచ్చె.

ఇంకొకరైతే సిగ్గుకు మళ్లా పోతారా? మా బావ గూడా "పరువు తీస్తివి గదే, ఇంక సాలు" అని ఎగిరె. ఈయమ్మ యాడింటాది! మళ్లా పోయె. వచ్చి కొళాయి కాడ బిందె కింద పెట్టి ఆడోళ్లందరికీ చెప్పబట్టె. "ఏం లేదు మే! ముందు కూచ్చోబెట్టి అడుగుతారు, ముట్టెప్పుడొచ్చె, కాన్పులెన్ని, తెల్లబట్ట అయితాందా అని. దాచిపెడితే మనకే నష్టం. ఉచ్చకు పోయి రమ్మంటారు. బల్లెక్కి మోకాళ్లు మడిచి పండుకుంటే మీద దుప్పటి కప్పుతారు. గడ్డలుండాయేమోనని రొమ్ములు ఒత్తి చూస్తారు. ఆమీదట బాతుముక్కు మాదిరిది ఒకటి లోపల పెట్టి తెరుస్తారు. సల్లగుంటాది, బిగిచ్చినట్లుంటాది, అంతే. నిమ్మళంగా ఊపిరి ఇడిస్తే ఒళ్లు వదులైతాది. చిన్న బ్రష్షుతో గర్భసంచి మూతిని తుడిచి పరీక్షకు పంపిస్తారు. ఇంక గ్లౌజేసుకోని రెండు వేళ్లు లోపల, ఇంకో చెయ్యి పొట్ట మీద పెట్టి గర్భసంచి చూస్తారు. నొప్పయితే ఆపు తల్లీ అను, ఆపుతాది. మన మనిషి పక్కన నిలబడొచ్చు. రోట్లో పచ్చడి నూరేంత సేపు గూడా పట్టదు!" అంత గొంతేసుకోని! మొగోళ్లు సైకిళ్లు తిప్పుకోని ఇంకో సందులో పోతాండ్రి. మేము నోట్లో కొంగు కుక్కుకోని నగుడే నగుడు.

ఆ పరీక్షలోనే తెలిసె పాపా, క్యాన్సరని. శానా దూరం పాకిండె. మంచాన పడినంక గూడా, చూడ్డానికి ఎవురొస్తే వాళ్లను "నువ్వు పోయొచ్చినావా?" అని అడుగుతాండె. మా వీధిలో ఒక్కొక్కరే పోయొచ్చిరి. నేనే పోలే. భయం, నీకంటే భయం నాకు. ఒకపొద్దు మజ్జిగ తీస్కపోతే మూతి తిప్పుకునె. "నువ్వు పోయొచ్చేదాంక నీ చేత్తో చుక్క తాగను మే నాగలక్ష్మీ" అనె. కోపమొచ్చె, ఏడుపొచ్చె. ఏడ్సుకుంటనే బస్సెక్కితి.

నాకూ ఉండె పాపా. ఇంకా క్యాన్సరు కాలేదంట, అయ్యేటట్లుండె. కాల్చి తీసేసిరి. ఆన్నుంచి నేరుగా వచ్చి, మజ్జిగ గ్లాసు తీస్కోని ఆయమ్మ మంచం కాడికి పోయి "ఉండె అక్కా, తీసేసినారు" అంటి. తల ఎత్తలేని మనిషి, లేచి కూచ్చోని, గ్లాసు నా చేతిలోంచి గుంజుకోని గటగటా తాగె. మూతంతా మజ్జిగ, ఒగటే నగు. నేను...

...ఆఁ? నిన్నే పిలుస్తాండారు, లే. చెప్పులు ఈడ్నే ఇడువు.