టీ సెల్లు బంద్

హలో… ఆ, నేనే, మనీషనే… ఎవరు, బుచ్చవ్వవా? తాత ఫోన్‌ల నువ్వు మాట్లాడుతున్నవేందవ్వా? మూడొద్దుల సంది స్విచాఫ్ వస్తాంది!

…దాచిపెట్టినవా? బియ్యం డబ్బల? ఎందుకు?

…నేను జెప్పిన్నా? ఎప్పుడు? …మూడొద్దుల కింద తాత డెంగీ రిపోర్టు జెప్పిన నాడా?

…ఓ నా తల్లీ! టీ సెల్లులు ఎగవడ్తె ఆగమైతదన్ననే! టీ సెల్లంటే చాయ్ గాదు, ఫోనూ గాదు! …రెండూ బంద్ వెట్టినవా తాతకు?

…నవ్వుతలేను. సరే, జర నవ్విన. జ్వరం ఎట్లున్నది?

…తగ్గిందా… కడుపునొప్పి? …లేదన్నడా? …వాంతులు? …పొద్దటి సంది నాలుగా?

అవ్వా, ఇగ నవ్వులాట లేదు. డెంగీల జ్వరం దిగినంకనే ఖతర్నాక్. ఇప్పుడే ఆటో పిలువు, భూపాలపల్లి దవాఖానకు తోలుకరా. నేను ఈడ ల్యాబ్‌లనే ఉన్న.

…డెంగీ పోయినేడు ఒకపారి వచ్చిపోయింది, ఇగ ఏం గాదంటున్నడా తాత? వచ్చిపోయిందనే నా భయం!

…ఎట్లనంటే… రజితక్క పెండ్లి యాదికున్నదా? గేటుకాడ తాత ఎవనో పరాయోని మొఖం జూసి, పాత సుట్టమే అనుకొని, చెయ్యి వట్టి లోపట కూసోవెట్టిండు… ఆ, మటన్ బగోన ఎత్తుకపోయినోడే! పోయినేటి జ్వరానికి ఒంట్ల తయారైన యాంటీబాడీలు ఒక్కోపారి గట్లనే జేస్తయ్. గీసారి వైరస్ వేరే రకమైతే, మొఖం జర కలుస్తది గని వాటికి దాన్ని గట్టిగ కట్టెయ్యరాదు. చెయ్యి వట్టి కణాల లోపటికి తోలుకపోతయ్.

…టీ సెల్లులా? ఒంట్ల కొట్లాడే కణాలే. ఆ మటన్ దొంగను వట్టవోయిన మన సంజయ్ బావ, ఆయన దోస్తులు అనుకో. …అవునవును, దొంగ ఒక్కడు, ఇరిగిన కుర్చీలు నలభై! గా కుర్చీలు తాత ఒంట్ల ఇరుగుతయేమోనని పరేషాన్ అయితున్ననే!

…రానంటున్నడా? ఫోన్ తాతకియ్యి. …బియ్యం దులిపి ఇయ్యవ్వా!

…తాతా! …ఏంది? …మూడొద్దుల సంది సెల్లు నాకు జేద్దామనే లెంకినవా? కడుపుల నొస్తుందని జెప్పెతందుకు?

…అవ్వ భయపడ్తదని అవ్వకు జెప్పలేదా…

ఏడుస్తలేను తాతా. నువ్వు ఆటో ఎక్కు. డాక్టర్ సరేనంటె చాయ్ నేనే పోస్త, రెండు చెంచాల చక్కెరేసి. …మాటియ్యి.

…ఆ. గీ సెల్లు అంగి జేబుల వెట్టుకో. ఏమన్న జెయ్యి గని, అవ్వకు మాత్రం ఇయ్యకు—