ఎదురు వంగుడు

ఆదివారం పొద్దున, ఉస్మానియా క్యాంపస్‌లో ఒక మలుపు. బండి మీద ముందు భూమిక, వెనక ఆమె నాయిన, తార్నాక గల్లీల్లో పాలు పోసే రాంచందర్.

"మళ్ల కాలు పెట్టినవ్."

"పెట్టలే."

"పెట్టలేదా? చెప్పు రోడ్డుకు రాసిన సప్పుడు తార్నాక దాక ఇనవడ్డది."

"అది బ్రేకు సప్పుడు, నాయినా."

"శాన మంచిగున్నది. మలుపు నడుమ బ్రేకు కొడ్తరా ఎవలన్న? మలుపు రాకముందే స్లో చెయ్యాలె అని చెప్పలేదా?"

"ముందే స్లో చేసిన. బండే బయటికి గుంజుతున్నది. జరైతే ఫుట్‌పాత్ ఎక్కుతుంటిమి, నడుమల బ్రేకు కొట్టక ఏం చెయ్యాలె?"

"తప్పు బండి మీద చెప్పకు. ఇరవై రెండేండ్లు పాలు మోసిన బండి. ఒక్కనాడు నా మాట దాటలే."

"అదే మరి. నీ మాటే ఇంటున్నది, నా మాట ఇంటలేదు."

"హెల్మెట్ల నవ్వుతే ఎనకున్నోనికి తెల్వదనుకున్నవా? నువ్వు మలుపు సక్కగ తిప్పుడు నా కండ్లతోని చూస్తేనే బండి చాబి నీకిస్త. ముందే చెప్పిన."

"నాయినా, రేపే డ్యూటీల చేరాలె. సొంత బండి లేకుంటే ఈ నౌకరి లేదని మొకం మీదనే చెప్పిన్రు. ఊరూరు తిరిగి బోరు నీళ్ల శాంపిళ్లు తేవాలె. బస్సు పోని ఊర్లు."

"గందుకే గట్టిగ చూస్తున్న. ఎమ్మెస్సీ చదివిచ్చింది రోడ్ల మీద పడనీకి కాదు."

"నిన్న నా దోస్తు జ్యోతిర్మయిని ఎక్కించుకొని ఇదే మలుపు ఐదుసార్లు తిప్పిన. కాలు పెట్టలే, బ్రేకు పట్టలే. ఫోన్ చేసి అడుగు."

"ఆ పిల్లకు బరువెక్కడిది? ఫ్యాను ఏస్తే కొట్టుకపోతది."

"బరువు సంగతి కాదు... ఆగాగు. నేను కుడికి వంగినప్పుడు నువ్వు ఎనక ఏం చేస్తున్నవ్?"

"ఏం చేస్త? కూసుంటున్న."

"ఉత్తగనే?"

"ఉత్తగనే."

"అబద్ధం. రోడ్డు మీద మన నీడ చూసిన. నేను కుడికి వంగితే నువ్వు ఎడమకు వంగుతున్నవ్!"

"మరి బ్యాలెన్స్ చెయ్యొద్దా?"

"ఏం బ్యాలెన్సు, నాయినా!"

"నీకేమెరుక. రెండు దిక్కుల రెండు క్యాన్లు. బండి ఒరిగిందంటే పాలు కారుతయని భయం. వనజ టీచరమ్మ గల్లీ కాడ ఒక్కసారి కారినయ్, వారం దాక పిల్లులు నా ఎంబడి తిరిగినయ్. గప్పటిసంది నడిచినంత మెల్లగ, నిట్టనిలువు పోవుడే. జర ఒరిగితే నా పెయ్యి, ఈ ఒళ్లంత, దానంతటదే ఎదురు గుంజుతది."

"ఇప్పుడు ఈ బండికి పాల క్యాన్లు లేవు. నువ్వు ఎదురు గుంజితే బండి మలుపు బయటికి పోతది. నేను ఎటు వంగితే అటే రా. నా భుజం మీది నుంచి లోపలి దిక్కు చూడు. అంతే."

"బిడ్డ నాకు కూసునుడు నేర్పుతున్నది."

"వాకింగు చేసే పెద్దాయన మనల్ని మూడోసారి దాటిండు. నవ్విండు కూడ. కానియ్, పట్టుకో."

"పో. మెల్లగ. మలుపు రాకముందే..."

"స్లో చేసిన. గేరు దించిన. మలుపు దాటే దిక్కు చూస్తున్న. ఇగ మాట్లాడకు."

"ఇసుకున్నదేమో చూడు."

"లేదు. వంగుతున్న. నాతో రా, నాయినా. రా..."

"..."

"అయిపోయింది! కాలు పెట్టలే, బ్రేకు పట్టలే! అసలు ఎనక నువ్వున్నట్టే తెల్వలే. చూసినవా?"

"చూడలే."

"చూడలేదా? భుజం మీది నుంచి చూడుమంటి గద!"

"కండ్లు మూసుకున్న. తెరిస్తే మలుపు కనవడ్తది, పెయ్యి నా మాట ఇనది. మూసుకుంటే నా ముందట నీ ఈపు ఒక్కటే తెలుస్తది. అది ఎటు పోతే అటు పోయిన."

"అయ్యో, కండ్లతోని చూస్తేనే చాబి ఇస్తనంటివి గద! దిగు, గీడ నిలవడు. ఇంకోసారి తిప్పుత, మంచిగ చూడు."

"అక్కర లేదు. చాబి నీ కాడనే ఉంచుకో."

"చూడకుంటనే?"

"రేపటిసంది నువ్వు తిప్పేటియన్ని నాకు కనవడని మలుపులే గద, బిడ్డా. గిప్పటిసందే అలవాటు చేసుకుంటున్న."