నలభై రెండు బొత్తాలు

ఏంటే, ముప్పై రెండు కిలోమీటర్లా? ఆగకుండానా? కూర్చో, ముందు ఆ మెట్టు మీద కూర్చో. నీళ్ళు గటగటా తాగెయ్యకు, గుక్కగుక్కగా తాగు. నీ మొహం చూస్తేనే తెలుస్తోందిలే, వెలిగిపోతోంది. "ఇక ఆదివారం నలభై రెండు నాకో లెక్క కాదు అమ్మమ్మా" అంటావా? అబ్బో! ఇదే మొహం, ఇదే మాట. మీ తాత కూడా సరిగ్గా ముప్పై రెండు పరిగెత్తొచ్చి ఆ మెట్టు మీదే కూలబడ్డాడు. మీ అమ్మకి అప్పుడు పాలపళ్ళు ఊడుతున్నాయి. "ఏమే, ముప్పై రెండు అయిపోయింది, ఇంకా కాళ్ళలో సత్తువ మిగిలే ఉంది" అన్నాడు. అన్నాడా, ఆ రోజు నుంచి మనిషికి నేల మీద కాలు ఆనలేదు. కొట్టుకొచ్చినవాళ్ళకి బట్ట చూపించడం మానేసి పిక్కలు చూపించేవాడు. నిజం! నవ్వుతావేం, లంగా గుడ్డ కొనడానికొచ్చిన ముసలావిడకి పంచె ఎత్తి పిక్క చూపించిన మనిషిని నువ్వెక్కడైనా చూశావా? నేను కాపురం చేశాను.

అసలు ఆయనకి పరుగెందుకు చెప్పు? కొట్లో పరుపు మీద కూర్చుని గుడ్డ చింపే మనిషి. వీధి చివరికి వెళ్ళాలన్నా సైకిలు కావాలి. ఆ దర్జీ లేడూ, మన కొట్టుకి రెండిళ్ళ అవతల, సన్నగా దబ్బనంలా ఉండేవాడు, ఆయన నోటి దూల వల్ల వచ్చిందిదంతా. మన కొట్లో కొన్న గుడ్డ ఎవరు పట్టుకెళ్ళినా టేపు పెట్టి కొలిచి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, "బెత్తెడు తక్కువుందమ్మా, చేతులు పొట్టిగా కుట్టమంటారా, కాలరు మానేయమంటారా?" అనేవాడట. ఆ నాలుగు వేళ్ళ వెడల్పు మాట ఒకసారి కాదు, పదిసార్లు కాదు. దాంతో మీ తాతకి బెత్తెడు షావుకారని పేరు పడిపోయింది. ఊరికి పేరు పెట్టడం ఎంతసేపు, తీసెయ్యడమే జరగని పని. మీ అమ్మని బళ్ళో కూడా బెత్తెడు గారమ్మాయీ అని పిలిచేవాళ్ళు. అది ఏడుస్తూ వచ్చేది. ఈయనకి తిండి సహించేది కాదు. ఎందుకంటే కొలత విషయంలో ఆయన... సరే, అక్కడికి వస్తాను. కొట్లో వాళ్ళ నాన్న నాటి ఇనప కడ్డీ ఉండేది, మీటరు కడ్డీ. చివర సర్కారు ముద్ర. రోజూ పొద్దున్నే దాన్ని గుడ్డతో తుడిచి, కళ్ళకద్దుకుని గానీ మొదటి బేరం ముట్టేవాడు కాదు. "నా మాట తప్పొచ్చు, నా కడ్డీ తప్పదు" అనేవాడు. పట్టిన కుందేటికి మూడే కాళ్ళు!

అప్పుడే ఊళ్ళో మొదటిసారి ఈ పెద్ద పరుగు పెట్టారు. నలభై రెండు కిలోమీటర్లంటే జనం నోళ్ళు తెరిచారు. ఓ రోజు కొట్టు మెట్ల మీద దర్జీ నలుగురి ముందూ, "షావుకారూ, తమరు పరిగెత్తకండి, తమరి నలభై రెండు ముప్పై తొమ్మిది దగ్గరే అయిపోతుంది" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. మీ తాత లేచి నిలబడి, "పరిగెత్తుతాను. ఇదే కడ్డీతో కొలుచుకుని సాధన చేస్తాను, ఇదే లెక్కతో చివరిదాకా పరిగెత్తుతాను. అప్పుడు ఆ పేరు నీ నోటితోనే తీసెయ్యాలి" అన్నాడు. దర్జీ "తీసేస్తాను, కావాలంటే ఊరంతా తిరిగి చాటుతాను" అన్నాడు. చూశావా, ఇదీ సంగతి. బొజ్జ జారిన వయసులో పరువు కోసం పరుగు!

ఇక చూడు తమాషా. కడ్డీతో వంద మీటర్ల తాడు కొలిచాడు. ఆ తాడుతో బడి మైదానం చుట్టూ కొలిచాడు, పట్టుకోవడానికి రెండో చివర నేను. కిలోమీటరుకి తన అడుగులు ఎన్ని పడతాయో లెక్క తేల్చాడు. అన్ని అడుగులు పడగానే ఎడం జేబులోంచి ఒక బొత్తాం తీసి కుడి జేబులో వెయ్యడం. చొక్కా బొత్తాలే, కొట్లోవి, తెల్లవి. మనిషన్నవాడు గంటల తరబడి అడుగులు లెక్కపెడుతూ పరిగెత్తుతాడా? ఈయన పరిగెత్తేవాడు. దారిలో ఎవరైనా "ఏం షావుకారూ బాగున్నారా" అంటే జవాబు చెప్పేవాడు కాదు, లెక్క పోతుందని. సొంత బావమరిదిని కూడా పలకరించలేదు. అతను ఏడాది అలిగాడు. ఆఖరికి ఓ ఆదివారం ముప్పై రెండు బొత్తాలూ కుడి జేబులో పడ్డాయి. అదే నేను చెప్పిన రోజు. ఆ బొత్తాలు నా ఒళ్ళో పోసి లెక్కపెట్టించాడు. కొండంత ధైర్యం వచ్చేసింది. ఉత్త గాలి! ఒక్క రోజు పరుగుకి మనిషి ఇంతలా ఉబ్బిపోతే పందెం రోజుకి పేలిపోడూ?

పందెం ముందు రోజు సాయంత్రం, దీపం పెట్టే వేళ, బొత్తాలు వరుసగా పేర్చుకుంటున్నాడు. నేను మెల్లిగా అన్నాను, "ఏవండీ, ఆ కడ్డీని ఓసారి బళ్ళో ఉండే కొత్త కడ్డీ పక్కన పెట్టి చూసుకుంటే పోలా?" ఆయన తలెత్తి చూశాడు. కోపం కాదు. కోప్పడినా బాగుండేది. "ఊరంతా అననీ, నువ్వనకు" అన్నాడు. నేను లోపలికి వెళ్ళి, వేరే పని లేనట్టు ఉతికిన బట్టలే మళ్ళీ మడత పెట్టాను.

మర్నాడు పరిగెత్తాడు. బాగానే పరిగెత్తాడట, నిజం చెప్పొద్దూ, నీలాంటి కుర్రకారు దారి పక్కన కాళ్ళు పట్టుకు కూర్చుంటే ఈయన పెదాలు కదుపుకుంటూ లెక్కపెట్టుకుంటూ పోయాడట. పోయి పోయి, ఊరి బయట లారీలు కడిగే చోట, చుట్టూ ఒక్క మనిషి లేడు, తోరణం లేదు, టేబులు లేదు, అక్కడ ఠక్కున ఆగి రెండు చేతులూ పైకెత్తాడు. నలభై రెండో బొత్తాం కుడి జేబులో పడింది మరి! లారీ కడిగేవాడు నీళ్ళ గొట్టం పట్టుకుని అలాగే చూస్తుండిపోయాడట. వెనకాలే సైకిల్ మీద దర్జీ. "షావుకారూ, పక్కన పందెం రాయి చూడండి, ముప్పై తొమ్మిది. ఇంకా మూడుంది. పరిగెత్తండి, సత్తువుందిగా, పరిగెత్తండి!" అన్నాడట పాపం, ఆయనకే జాలేసి. ఈయనేమన్నాడో తెలుసా? "రాయి తప్పు." అంతే. "కడ్డీ తప్పదు, రాయే తప్పు." కాళ్ళలో సత్తువుంది, మూడే మూడు కిలోమీటర్లు, వెళ్తే అయిపోయేది. కానీ ఇంకొక్క అడుగు వేస్తే కడ్డీ తప్పని ఒప్పుకున్నట్టే గదా! దర్జీ సైకిలు వెనక కూర్చుని ఇంటికొచ్చాడు. అంత మూర్ఖుణ్ణి ఈ లోకం కనలేదు. మిగిలిన పద్దెనిమిదేళ్ళూ తను పూర్తి చేశాననే చెప్పుకున్నాడు. జనం ఎదురుగా తల ఊపి, వీధి మలుపు తిరిగాక నవ్వుకునేవాళ్ళు. పోయినరోజు పాడె పట్టినవాళ్ళలో కూడా ఎవడో బెత్తెడు తాత అన్నాడు. నా చెవులారా విన్నాను.

ఏంటీ? కడ్డీ ఎందుకు తక్కువొచ్చిందా? ఇనుము అరుగుతుందేమిటే పిచ్చిమొహమా, బెత్తెడు అరగడానికి అదేమన్నా సబ్బుబిళ్ళా? కోస్తే తగ్గింది. మీ అమ్మ ఏడాది పిల్ల. ఎదురుగా అద్దాల తలుపుల బట్టల కొట్టు పెట్టారు, మన మెట్టు ఎక్కేవాడు లేడు, వచ్చిన ఒకటి రెండు బేరాల్లోనైనా నాలుగు రాళ్ళు మిగలాలిగా. ఈయన సరుకు కోసం దూరపు ఊరు వెళ్ళి ఇరవై రోజులు. కొట్లో కూర్చున్నది ఎవరనుకున్నావు? మధ్యాహ్నం తలుపు దగ్గరకి వేసి, పక్కింటి తాళాలవాడి రంపం తెచ్చి, ముద్ర లేని చివర... ఆకురాయితో నున్నగా రుద్దాను కూడా. ఆయన తిరిగొచ్చి మర్నాడు పొద్దున్నే దాన్ని కళ్ళకద్దుకున్నాడు.

అలా చూడకు. ఇంతకీ నీ ముప్పై రెండు దేంతో కొలిచావు, ఆ చేతి గడియారంతోనా? నీకెవరు కొనిచ్చారది?

సరేలే. బూట్లు విప్పు, కాళ్ళు ఉబ్బాయేమో చూద్దాం.