రూవీలో మొదలై రూవీలోనే ముగిసిన ఆట

వంటగది బల్ల మీద, ఊరికి బయలుదేరుతున్న గంగన్న గారి సంచి తెరిచి ఉంది. తువ్వాళ్లు పెట్టాను, తీశాను, మళ్లీ మడిచి పెట్టాను. పాస్‌పోర్టు ఆయన చొక్కా జేబులోనే ఉందని తెలిసీ మరోసారి అడిగాను. 1986 మార్చి 9వ తేదీన మస్కట్‌లోని మన కంపెనీ రూవీ క్యాంపులో మేస్త్రీగా చేరి, ఈ 1998 మార్చి నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న శ్రీ గంగన్న గారి గురించి నాలుగు మాటలు రాయమని ఈ సంచిక పెద్దలు కోరారు. ఊళ్లకు పోయేవారి అట్టపెట్టెల మీది పేర్లు కూడబలుక్కుంటూ చదువు నేర్చిన గెస్ట్‌హౌస్ వంటమనిషిని; తప్పులుంటే మన్నించగలరు.

ఆయన చేరిన ఏడే ఒక అమెరికన్ ఇంజనీరు క్యాంపు వెనక నేల చదును చేయించి, శుక్రవారాల్లో మనవాళ్లకు బేస్‌బాల్ నేర్పసాగారు. బంతిని కొట్టి, మూడు మలుపుల మీదుగా పరుగెత్తి, బయలుదేరిన పలక దగ్గరికే తిరిగి రావాలి, వస్తేనే పరుగు. నిజామాబాద్ జొన్నచేలల్లో మంచె మీంచి రాళ్లు రువ్వి పిట్టలను తోలిన గంగన్న గారి చేతికి బంతి ఇచ్చారు. మొదటి విసురుకే ఇంజనీరు గారి టోపీ ఎగిరిపోయింది.

"అన్నా, గది పిట్ట గాదే, సాబు నెత్తి!" అని బంతి అందుకోవడానికి వెనక కూర్చున్న లింబాద్రి అరిచాడు.

"టోపీ ఎందుకు పెట్టిండు మరి? పిట్టనే అనుకున్న!" అన్నారు గంగన్న గారు. అందరికంటే ఎక్కువగా నవ్వింది ఆ ఇంజనీరు గారే. ఆనాటి నుంచి గంగన్న గారు విసరడం, లింబాద్రి అందుకోవడం మన క్యాంపుకు పండుగ.

మన జట్టుకు ఒక ఆచారం ఉండేది. సెలవుపై వెళ్లేవారు బంతి పట్టే తమ తోలు గ్లౌజును నా వంటగది మేకుకు తగిలించి వెళ్లాలి. మేకు మీద ఉన్నంతకాలం వారి చోటు వారిదే. 1992లో లింబాద్రి తనది తగిలిస్తూ, "చిన్నవ్వా, ఎవ్వనికియ్యకు. రెండు నెల్లల్ల వస్త" అన్నాడు. అప్పటికి గంగన్న గారు బహ్లా సైట్‌లో ఉన్నారు, సాగనంపడానికి రాలేకపోయారు. తర్వాత బురైమిలో ఫోర్‌మన్ అయ్యారు. మధ్యలో ఊరికి వెళ్లినప్పుడు తెలిసింది: లింబాద్రి బొంబాయిలో దిగడం తోటివారు చూశారు, ఇల్లు మాత్రం చేరలేదు.

1995లో ఆయన ఫోర్‌మన్ హోదా వదులుకుని, మళ్లీ మేస్త్రీగా రూవీకే వచ్చారు. అమెరికాలోనూ కొందరు గొప్ప ఆటగాళ్లు ఊరూరా ఆడి, చివరకు మొదలుపెట్టిన నగరానికే వచ్చి ఆట ముగించారని ఇంజనీరు గారు చెప్పేవారు. మన గంగన్న గారూ అంతే అని అందరూ మెచ్చుకున్నారు. ఆయన నాతో అన్న మాట వేరు: "వాడొస్తె నన్ను ఈడనే దేవులాడుతడు, అక్కా."

నిన్న శుక్రవారం చివరి బంతి విసిరి, తిన్నగా వంటగదికి వచ్చి మేకు మీది లింబాద్రి గ్లౌజు తీశారు.

"తియ్యకు తమ్మీ! తీస్తె వాడు రానట్టే."

"వాని పెండ్లాం సంధ్య అడిగింది. మొగుని వస్తువు ఒక్కటి సుత లేదు ఆ పిల్లకాడ. దాని ఆశ నీ ఆశ కంటె చిన్నదా, అక్కా?"

ఆయన ఆ గ్లౌజును సంచిలో నేను మడిచిన తువ్వాళ్ల మధ్య దోపి, తన గ్లౌజును ఖాళీ మేకుకు తగిలించారు. "వాడొస్తె ఉత్త చేతుల్తోని నిలవడొద్దు. నాది ఇయ్యి."

పన్నెండేళ్లు ఎండలో మనతో గోడలు లేపిన శ్రీ గంగన్న గారు సతీమణితో, బిడ్డలతో ఆరోగ్యంగా నిండు నూరేళ్లు జీవించాలని, ఆయన భుజం నొప్పి ఇంటి నీడలోనైనా తగ్గాలని మనసారా కోరుకుంటున్నాను. మేకును నేను కనిపెట్టుకుని ఉంటాను.

లింబాద్రి 1992 మే 14న మస్కట్‌లో విమానం ఎక్కాడు. తిరిగి రాలేదు.