చెరువుగట్టు మీది పుల్లల కుప్ప

టెక్కలి దగ్గర ఓ పక్షుల కేంద్రం. నవంబరు నెల, ఉదయం ఎనిమిది గంటలు. కాపలా ఉండే అప్పలసూరి, పలాస డిగ్రీ కాలేజీ వాలంటీర్ల లీడరు బిందు.

"సెరువుగట్టు మీద నా పుల్లలేవీ?"

"ఏ పుల్లలు మావయ్యా?"

"ఏ పుల్లలంటావేటి? నిలువెత్తు కుప్ప. నిన్న మద్దేనం దాకా ఉన్నాది."

"ఓ, ఆ చెత్తా! ఎత్తీసాం. ముందు ఇటు చూడండి, ఈ కొత్త బోర్డు ఎలాగుంది? గూడబాతు ముక్కు నేనే వేశాను."

"ముక్కు బాగున్నాది. సెత్తంటావేటి, సెత్తా? ఏసవంతా ఏరినాను ఆ పుల్లలు. సింత, తుమ్మ, సరుగుడు... ఏటేటా నానే ఏరి గట్టు మీద ఎడతాను. పచ్చులొచ్చి ముక్కున కరుసుకుని సెట్టెక్కుతాయి, గూడు కట్టుకుంటాయి."

"అయ్యో! మాకేటి తెలుసు?"

"అడగొచ్చు కదా?"

"అడుగుదామనే వచ్చాం. మీరు వాచ్ టవరు మీంచి నోటి మీద వేలేసుకుని 'ష్' అన్నారు. నాలుగు రోజుల్నుంచీ అదే మాట. మెట్లు బాగుచెయ్యాలా అంటే 'ష్'. బెంచీలకి ఏ రంగు అంటే 'ష్'."

"అరిస్తే పచ్చులు బెదిరిపోవా మరి?"

"అందుకే అడగడం మానీసాం."

"అటు సూడు, ఆ సింతకొమ్మ మీద. ఆ జంట పక్కోల గూట్లో పుల్ల లాగుతన్నాది. పొద్దున్నుంచి కొట్టుకు సత్తన్నాయి. ఇది గుడ్డెట్టే యేళ పాపా. గూడు పల్చగుంటే గుడ్డు జారి కింద పడిపోద్ది."

"అలాగనకండి మావయ్యా, నాకు ఏడుపొస్తంది. బాగుచేద్దామనే కదా పదహారు మందిమి సెలవులు మానుకుని వచ్చాం?"

"రేపు ఆపీసరు రిబ్బను కొయ్యడానికొత్తారు కదా, ఆయనకే సెప్తాను. సర్టిఫికెట్లూ లేవు, గిర్టిఫికెట్లూ లేవు."

"నా ఒక్కదాని పేరే చెప్పండి. ఎత్తమన్నది నేనే. మిగతావాళ్లని వదిలీండి."

"అది తరవాత సంగతి. పుల్లలెక్కడున్నాయి?"

"మా వాలంటీరు లోకనాథ్ చీకటి పడ్డాక ట్రాక్టరు మీద తోలేశాడు."

"ఎక్కడికి?"

"ఒకావిడ అడిగింది, ఇచ్చీసాం."

"ఎవులావిడ?"

"జీడిపప్పు తింటారా మావయ్యా? మా ఇంటి నుంచి తెచ్చాను, పెద్ద గుళ్లు."

"నీ జీడిపప్పుతో పచ్చులు గూడు కట్టుకుంటాయేటి? బిందూ! ఎవులావిడ?"

"ష్... పచ్చులు!"

"నాకే సెప్తావేటి!"

"పేరు చెప్పనని ఒట్టేశాను. పాపం, ఇంట్లో గేస్ అయిపోయిందట. మూడు వారాల్నుంచి మొత్తుకుంటన్నా ఇంటాయన వినిపించుకోడట. 'ఆ కుప్ప సెత్తే, పొయ్యిలోకి పనికొత్తాది, తెచ్చి పడీండి' అన్నాది. చెత్తా పోతుంది, సాయమూ చేసినట్టుంటుంది కదా అని..."

"ఎవడాడు?"

"ఎవడు?"

"ఆ మొగుడు. పెళ్లాం పొయ్యిలోకి పుల్ల నేక పచ్చుల నోటికాడ కుప్ప ఎత్తించుకుంటంటే ఆడేటి సేత్తన్నాడు? తాగుబోతేటి?"

"తాగరు. పనిలో మునిగిపోతారట."

"ఏటంత పని? కలెక్టరేటి?"

"ఆవిడ లెక్కలో అంతకంటే ఎక్కువే."

"సిగ్గు నేదు ఆడికి. నా కంటబడనీ, నాలుగు కడిగీత్తాను."

"తప్పకుండా కడగండి మావయ్యా."

"నవ్వుతావేటి? పద, ఇల్లు సూపించు. అన్నీ పొయ్యిలో ఎట్టీకముందే తెచ్చుకోవాల."

"ఆవిడకి కోపమొస్తే?"

"నాను మాటాడతాను కదా. ముందు నడు. ఎటు?"

"పాలకేంద్రం పక్క నుంచి."

"ఊ. తరవాత?"

"ఈ సందులోకి."

"ఈ సందులో ఉన్నవే మూడిళ్లు. మాస్టారిల్లు తాళం ఏసున్నాది. లచ్చన్నకి పెళ్లే కానేదు. మరింక..."

"మరింకేటి మావయ్యా?"

"ఇది మా గేటే కదేటి!"

"గేటు మీరే తియ్యండి. నాలుగు కడుగుతానన్నారు కదా."

"ఓలమ్మో! కన్నమ్మా! పచ్చుల పుల్లలు పొయ్యిలో ఎట్టీసినావేటే?"

"ఒచ్చినావా? ముందు కాళ్లు కడుక్కో."

"కాళ్లు తరవాత! గేస్ అయిపోతే నాతో ఒక్క మాట సెప్పకూడదేటి? పెళ్లానివి కావేటి?"

"ఎలాగ సెప్పాల? ఫోను సేత్తే 'ష్' అని ఎట్టీసినావు. కేరేజీ అట్టుకొత్తే టవరు కింద ఎట్టీసి పొమ్మని సెయ్యూపినావు. పచ్చులొచ్చి నలభై దినాలైనాది. నలభై దినాలూ ఆ టవరు మీదే. నువ్వున్నావో నేవో నాకు తెలీదు, నానున్నానో నేదో నీకు తెలీదు."

"అత్తా, మీరు కూర్చోండి. కళ్లనీళ్లు పెట్టుకోకండి. మావయ్యా, ఏటైనా అనండి."

"ఏటనాల? తప్పు నాదే. కన్నమ్మా, ఇప్పుడే టెక్కలి ఎల్లి బండ తెచ్చీత్తాను, నా మీదొట్టు. కాల్సగా మిగిలినియ్యైనా ఇచ్చీవే. గూళ్లు సగంలో ఆగిపోనాయి."

"ఇచ్చీండత్తా. మా వాళ్లందర్నీ పిలుస్తాను, అర్ధగంటలో గట్టు మీదికి మోసీస్తాం."

"పెరట్లో ఉన్నాయి. ఎల్లి సూసుకోండి."

"మావయ్యా! ఇటు రండి! కుప్ప కుప్పలాగే ఉంది. ఒక్క పుల్లా తగ్గలేదు!"

"మరి రేతిరి అన్నం దేని మీద వండినావే?"

"గేస్ మీద. బండ మొన్ననే మార్పించినాను, నిండుగా ఉన్నాది. పుల్లలొత్తే ఆటెనకాలే నువ్వొత్తావని తెప్పించినాను. కూకో, టీ ఎడతాను."