చెరిపేసిన గాలిమరలు

సభ నుంచి వచ్చిన అక్క కోటైనా విప్పలేదు. తమ వాళ్ల అలవాటు ప్రకారం కాఫీలో జున్నుముక్కలు వేసుకుంటున్న తమ్ముడు ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

"మన మేతకొండ మీద రాత్రి ఆకాశంలో మెరిసే ధ్రువకాంతుల ఫొటో నువ్వు తీసిందేనా?"

"నాదే అక్కా. పోస్టుకార్డులు బాగా పోతున్నాయి. పచ్చరంగు కాస్త పెంచానంతే."

"ఆ వెలుగులకేసి ఈల వేస్తేనే అపచారమని అమ్మ వీపు చీరేసేది. నువ్వు ఏకంగా రంగులే పూశావా? సరే, కొండ వెనక కరెంటు గాలిమరలేవిరా?"

"చెరిపేశాను. ఆ ఇనపస్తంభాలుంటే టూరిస్టులు ఎవరు కొంటారు?"

"వాటిని చూసి బెదిరే మన రెయిన్‌డీర్లు మేతకి పోవడం మానేశాయి. ఇవాళ సభలో అదే చెప్పాను."

"ఆ మరల కంపెనీవాళ్లు ఏమన్నారు?"

"మేతకొండ నుంచి మరలు కనిపించనే కనిపించవన్నారు. రుజువుగా గోడ మీద నీ ఫొటో వేశారు. కింద మన ఇంటిపేరు కూడా ఉంది."

తమ్ముడు కప్పు పక్కకి నెట్టేశాడు.

"నేనే చెరిపేశానని చెప్పలేకపోయావా?"

"చెప్పాను. 'అయితే మీ తమ్ముడు అబద్ధాలకోరా?' అని నవ్వారు."

"నువ్వేమన్నావు?"

"అవునన్నాను. ఇన్నేళ్లలో వాళ్ల మాట నేను ఒప్పుకున్నది అదొక్కటే."