కోటబావిలోకి దిగిన దివాను

కోటబావి సంగతి రెండు ముక్కల్లో చెప్పేసి లేస్తాను, కూర్చోండి. అటు మనవాళ్లెవరూ పోరు గదా, గొడ్డు తప్పిపోయినా పోరు. మొన్న చెంగయ్య మేక అటు పోతే, అసలది మా మేకే కాదన్నాడు. ఏమిరా, అన్నావా లేదా? మీసం మాత్రం బాగానే పెంచాడు. సరే, మేక గోల మనకెందుకు.

ఇంగ్లీషువాళ్లు ఇంకా మద్రాసు దాటి ఇటు అడుగుపెట్టని రోజులు. మన జమీందారు దగ్గర గురవనాయుడని ఒక సిపాయి, ఇరవై ఏళ్లు తుపాకీ మోసి, మోకాట్లో గుండు దిగి, ఇక పరిగెత్తలేక దివానయ్యాడు. నవ్వకండి, ఇప్పుడు పదవుల్లో ఉన్నవాళ్లు మాత్రం పరిగెత్తుతున్నారా? అయితే ఈయన పన్ను తగ్గిస్తానని తగ్గించాడు, అందుకే జనం నమ్మారు.

ఆ ఏడు వానల్లేవు. బావులన్నీ ఎండి కోటబావి ఒక్కటే మిగిలితే, జమీందారు దానికి చెక్కతలుపు వేయించి, తాళం బిగించి, సిపాయిలను కాపలా పెట్టి, ఆ వారంలోనే చచ్చిపోయాడు. ఇక తాళం తీయాలంటే ముద్ర వేసిన హుకుం కావాలి, ముద్ర ముట్టాలంటే పన్నెండు రోజుల మైల తీరి కొడుకు తలపాగా కట్టుకోవాలి. జనం వాగులో చెలమల బురదనీళ్లు తాగుతూ, కోట ముందు పడి, నాయుడూ, పిల్లలు పోతున్నారయ్యా, తాళం తియ్యమని ఏడిస్తే, మైల తీరనివ్వండి అన్నాడట. సిపాయి పుట్టుక గదా, హుకుం లేనిదే చెయ్యాడదు. అయిదో రోజుకి ముగ్గురు పిల్లలు పోయారు. ఏడో రోజున ఆయన కూతురికే నాలుక పిడచకట్టింది. అప్పుడు మిట్టమధ్యాహ్నం వచ్చి తుపాకీ మడమతో తాళం పగలగొట్టాడు.

తీరా చూస్తే ఏముంది? ఈ వారంలో అదీ ఇంకిపోయి అడుగున బురద. దిగమంటే ఎవరూ దిగలేదు. దివానే పార తీసుకుని, ఆ కుంటికాలితో తాడు పట్టుకుని దిగి, పూడిక తీస్తుంటే తీస్తుంటే పొద్దు వాలేవేళకి ఊట పగిలింది. చూస్తుండగానే నడుందాకా, మెడదాకా. నన్ను లాగండ్రా అని అరిచాడట, వినేదెవరు? నీళ్లొచ్చాయనగానే ఊరంతా బిందెలు దించింది. మొదటి బిందె ఆయన పెళ్లాందే, కూతురి కోసం. రెండోది, పోలమ్మా, మీ ముత్తవ్వకి ముత్తవ్వది. మీ వాళ్లకి ముందుండటం అప్పట్నుంచీ అలవాటే. ఏదో ఒక బిందె తలకి తగిలింది.

ఆ సాయంత్రం అందరూ కడుపునిండా తాగారు. దివాను ఏడని ఎవరూ అడగలేదు. మూడోనాడు తేలాడు. శవం తేలిన బావి పనికిరాదని పెద్దలంతా కూడి ముళ్లకంప వేసి మూయించారు. వాన పడటానికి ఇంకా రెండు నెలలు పట్టింది. అప్పటికి ఊళ్లో సగం లేరు. ఆ కూతురూ లేదు.

ఇప్పటికీ ఎవరైనా చేంతాడు వదిలితే కింద నుంచి గుంజుతాడట. మనల్ని లాగడానికి కాదు, తను పైకి రావడానికే పాపం. అయినా అటు పోకండి. ఆయన బరువు మీరు లాగలేరు.